బ్రిడ్జి మూసేస్తే బస్సు ఏం చేయాలి? మళ్లీ మహమ్మారి వస్తే డిపోకు ప్లాన్ ఎలా ఉండాలో చెప్పండి

ప్రాణహిత_ఒడ్డు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ తాలూకా, అంకీస దాటాక ఒక చిన్న ఊరు. ఏటా వానలకు ముందు తాలూకాలో ఆపద సన్నాహాల మీటింగు జరుగుతుంది. వరద వస్తే ఏ వాగు దగ్గర బస్సు ఆపేయాలి, పడవ ఎవరి దగ్గర ఉంది, నెలలు నిండిన ఆడవాళ్లను ముందే ఎక్కడికి చేర్చాలి, ఇవన్నీ అందులో తేల్చుకుంటారు. వరదకు ఇంత లెక్క ఉంది కదా, అంటురోగం వచ్చి అన్నీ మూసేస్తే బస్సుల సంగతేంటని కిందటిసారి లేచి అడిగాను. రాసి తీసుకురండి, చర్చిద్దాం అన్నారు. ఆ కాగితం కోసమే ఈ పోస్టు.

ఇక్కడి వాళ్లకు తెలుసు, దూరపు వాళ్ల కోసం చెబుతున్నా. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ప్యాసింజర్ రైళ్లు అప్పుడే ఆగాయి, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి మాకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అదీ ఆలాపల్లి రోడ్డు మీదుగా. ప్రాణహిత నది దాటితే తెలంగాణ: అర్జునగుట్ట, చెన్నూరు, ఆ తర్వాత మంచిర్యాల. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అందుకే మా పెద్ద దవాఖానా, మందుల షాపులు, ఆడపిల్లల అత్తగారిళ్లు అన్నీ అవతలి ఒడ్డునే. అటు కాళేశ్వరం వైపు గోదావరి బ్రిడ్జి, ఇటు ప్రాణహిత బ్రిడ్జి, రెండూ మూసేసరికి మాకు ఇక దారే లేదు.

మా చిన్నాయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మంచిర్యాలలో డయాలిసిస్. బ్రిడ్జి దగ్గర కాగితాలు చూపిస్తే, మీది వేరే రాష్ట్రం, పాసు కావాలన్నారు. పాసు ఆన్‌లైన్‌లో పెట్టాలి, మా ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటేనే చెరువు కట్ట ఎక్కాలి. డయాలిసిస్ తప్పితే మనిషి ఎలా ఉంటాడో చూశాను. కాళ్లు, మొహం ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చివరికి ఒక పెద్దమనిషి పూచీ పడితే బండి దాటింది. పూచీ పడే మనిషి దొరకని ఇళ్లు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

బస్సులు నడిపిన వాళ్లు, ఎక్కిన వాళ్లు, దవాఖానాలో పనిచేసిన వాళ్లు మీ అనుభవం రాయండి. అన్నీ ఆపేసిన రోజున కూడా ఆగకూడని బస్సు ఏది? రాష్ట్రం మారే చోట ఏం ఏర్పాటు కుదురుతుంది? సగం సీట్లు ఖాళీగా ఉంచడం వల్ల నిజంగా మేలు జరిగిందా?

---

రిటైర్డ్_కండక్టర్ జవాబు:

తమ్మీ, మంచి పని పెట్టుకున్నవ్. నా బతుకంతా ఎస్‌టీల, అంటె మహారాష్ట్ర సర్కారు బస్సులల్లనే గడిచింది, కరోనా రెండు విడతలూ డ్యూటీల ఉన్న. ఏ డిపో అన్నది రాయను, ఎందుకంటె నేను చెప్పేది ఒక్క డిపో ముచ్చట కాదు.

ముందుగాల ఒకటి చెప్త. బస్సులు ఆపుడు పెద్ద పని కాదు, పొద్దుమూకి ఒక ఫోన్ వస్తె ఆగిపోతయి. ఎవరి కోసం ఆపొద్దు అన్నది మంచి కాలంలనే రాసి పెట్టుకోవాలె. ఆపద మీద పడ్డంక ఆ లిస్టు తయారు చేద్దామంటె కాదు. అప్పుడు ఆఫీసులల్ల అందరు భయంల ఉంటరు, భయంల ఉన్న మనిషి "వద్దు" అనుడు తేలిక, "పోనీ" అనుడు కష్టం. మీ చిన్నాయనను ఆపిన పోలీసాయన గుడ చెడ్డోడై ఆపలేదు. ఆయన చేతుల పోనియ్యమనే కాగితం లేదు.

అందుకే నీ కాగితంల మొదటి పేజీ మొత్తం మనుషుల లెక్కనే ఉండాలె. తాలూకాల డయాలిసిస్‌కు పోయేటోళ్లు ఎవరు, ఏ ఊరు, ఏ వారం. క్యాన్సర్ మందు ఎక్కించుకునేటోళ్లు. నెలలు నిండినోళ్లు. టీబీ మందు మీద ఉన్నోళ్లు. గిది ఆశా వర్కర్ల దగ్గర ఇప్పటికే ఉన్నది, కొత్తగ సర్వే చెయ్యనక్కర లేదు. దాని పక్కన ఇంకో లిస్టు: నర్సులు, దవాఖాన ఊడ్చేటోళ్లు, కరెంటోళ్లు, బ్యాంకోళ్లు. డాక్టర్‌కు కారుంటది గాని, దవాఖాన కడిగే ఆడమనిషికి ఏముంటది? ఆమె రాకపోతె వార్డు నడవది. గీ రెండు లిస్టులు కలిపితె మన దిక్కు రోజుకు రెండు మూడు బండ్లు సరిపోతయి. డిపోల అన్ని బండ్లు నిలబడ్డ రోజున రెండు మూడు తిప్పుడు ఏం భారం?

ఇగ బ్రిడ్జి సంగతి. రాష్ట్రం దాటి బస్సు పోవాలంటె రెండు రాష్ట్రాల ఒప్పందం, పర్మిట్, ట్యాక్సు, కిలోమీటర్ల లెక్క, అన్నీ ఉంటయి. ఆపద కాలంల అయి కదలవు. గాని మనిషి నడిచి దాటుడుకు పర్మిట్ ఎందుకు? మన బండి పొద్దున్నే బ్రిడ్జి ఇవతలికి వచ్చి ఆగాలె. అదే టైముకు అవతల వాళ్ల బండి వచ్చి నిలబడాలె. లిస్టుల పేరున్న మనిషి, తోడు ఒక మనిషి, జ్వరం చూసి పేరు రాసుకొని బ్రిడ్జి దాటిపిచ్చి అటు బండి ఎక్కిచ్చాలె. నడవలేనోళ్లకు బ్రిడ్జి మీద ఒక అంబులెన్సు అటూ ఇటూ తిరుగుతె చాలు. సాయంత్రం గట్లనే తిరిగి. భామ్రాగడ్ దిక్కు పర్లకోట వాగు పొంగినప్పుడు బండి ఈ ఒడ్డునే ఆగేది, అటు పోయేటోళ్లను పడవ దాటిచ్చేది. మనకు కొత్త కాదు గిది. గాని దీనికి రెండు దిక్కుల కలెక్టర్ల సంతకం ముందే ఉండాలె.

సగం సీట్ల ముచ్చట అడిగినవ్. మన రాష్ట్రంల 2020 మే 22 నుంచి జిల్లా లోపట బండ్లు మొదలైనయి, ఆగస్టు 20 నుంచి జిల్లా దాటి, సెప్టెంబర్‌ల మళ్ల నిండు బండి. సగం సీట్ల కాలంల నలబై నాలుగు సీట్ల బండిల ఇరవై ఇద్దరు. సీటు విడిచి సీటుకు అడ్డగీత కొట్టినం. రూలు పట్నంల కూసున్నోళ్లకు మంచిగనే కనవడ్డది. గాని పల్లె రూటుల ఏమైతదో చూడు. బండి స్టాండుల బయలెల్లినప్పుడే ఇరవై ఇద్దరు నిండిపోయిన్రు. ఇగ దారిపొడుగునా ఊళ్లల్ల చెయ్యెత్తినోళ్లను చూసుకుంట పోవుడే. ఒకనాడు ఒక తల్లి బిడ్డను చంకల ఏసుకొని, చేతుల దవాఖాన చీటీ పట్టుకొని రోడ్డు మధ్యల నిలబడ్డది. డ్రైవర్ ఆపిండు. లోపట ఉన్నోళ్లే లొల్లి చేసిన్రు, ఎక్కిచ్చుకోవద్దని. నేను నా సీటు ఇచ్చి తొలి మెట్టు మీద నిలబడ్డ. నాకు నోటీసు వస్తదేమో అన్నంత భయం ఉండె, అయినా ఇచ్చిన.

అందుకే గిది రాసుకో: సగం సీట్ల రూలు పెడితె, ఆ సీట్లల్ల కొన్ని దారిల ఊళ్లకు విడిచి పెట్టాలె. స్టాండుల పన్నెండు మందినే ఎక్కిచ్చుకోవాలె. మిగిలిన సీట్లు దారిపొడుగునా పంచాలె. బండ్లు తగ్గిచ్చి సగం సీట్లు పెడితె ఇంక ఘోరం, అప్పుడు మిగిలిన జనం జీపులల్ల, ట్రాక్టర్లల్ల ఒకరి మీద ఒకరు కూసొని పోతరు. రోగం తగ్గిచ్చినమా, పెంచినమా?

నిలబెట్టిన బండ్ల గురించి ఎవ్వరూ అడగరు, నేను చెప్త. బండిని నెలల తరబడి ఒక్క కాడ పెడితె బ్యాటరీ దిగుతది, టైరు ఒక్క దిక్కే అణిగి గట్టివడ్తది, ఎలుకలు వైర్లు కొరుకుతయి. మా మెకానిక్కులు పొద్దుగాల మూతికి గుడ్డ కట్టుకొని ఒక్కొక్క బండి స్టార్ట్ చేసి, రెండు గజాలు ముందుకు, రెండు గజాలు ఎనుకకు జరిపి పెట్టేటోళ్లు. మళ్ల తెరిచిన నాడు బండ్లు కదిలినయంటె వాళ్ల పుణ్యమే. వాళ్లకు గుడ పాసు, మాస్కు, తిండి ఏర్పాటు ప్లాన్‌ల ఉండాలె.

---

రాజురా_సిస్టర్ జవాబు:

కండక్టర్ కాకా చెప్పిన తల్లీబిడ్డల లాంటి వాళ్లను దవాఖానాలో ఈ చివర నేను చూశాను. చీటీలో తేదీ ఒకటి ఉంటుంది, వాళ్లు వచ్చేది మూడు రోజుల తర్వాత. ఎందుకు ఆలస్యమైందమ్మా అంటే, బండి ఆపలేదు మేడం అంటారు.

నేను స్టాఫ్ నర్సును. చాందా (చంద్రపూర్) జిల్లాలో పనిచేస్తాను. సగం సీట్లు మేలు చేశాయా అన్న ప్రశ్నకు నా జవాబు: కిటికీ అంతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మొదట్లో అందరం చేతులు, సీట్లు, కడ్డీలు తుడవడం మీద పడ్డాం. బస్టాండుల్లో మందు కొట్టారు. ఉత్తరప్రదేశ్‌లో బరేలీలో 2020 మార్చి చివర బస్సుల్లో దిగిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి మనుషుల మీదే బ్లీచింగ్ మందు కొట్టారు. పిల్లల కళ్లు మండి ఏడ్చారు. ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద కొట్టకూడదని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత సంవత్సరం, 2021 ఏప్రిల్‌లో, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ తేల్చిన మాట ఏమిటంటే, వస్తువును ముట్టుకోవడం వల్ల ఈ రోగం అంటే అవకాశం మామూలుగా పదివేలలో ఒకటి కన్నా తక్కువ. రోగం గాలిలో వస్తోంది.

బస్సు సంగతి చెప్పే గట్టి ఉదాహరణ ఒకటుంది. చైనాలో జెజియాంగ్ ప్రాంతంలో 2020 జనవరి 19న జనం రెండు బస్సుల్లో గుడికి వెళ్లారు. రానూపోనూ కలిపి వంద నిమిషాల ప్రయాణం. ఒక బస్సులో 60 మంది, ఇంకో బస్సులో 68 మంది. రెండో బస్సులో ఒకరికి అప్పటికే రోగం ఉంది. ఏసీ వేసి, లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పారు. ఆ 68 మందిలో ఆ మనిషితో కలిపి 24 మందికి వచ్చింది. మొదటి బస్సులో ఒక్కరికీ రాలేదు. ఇంకో విషయం గమనించండి: రోగి పక్కన కూర్చున్నవాళ్లకూ, దూరంగా కూర్చున్నవాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. అంటే మూసిన బస్సులో సీటు విడిచి సీటు కూర్చున్నా గాలి అందరిదీ ఒకటే.

మన ఎర్ర బస్సుకు ఏసీ లేదు, కిటికీలు జరుపుకునేవి. అదే మన బలం. కానీ మన జనం ఏం చేస్తారు? చలికాలం పొద్దున అన్నీ మూసేస్తారు, వానకు అన్నీ మూసేస్తారు. ముందు వరుసలో రెండు, వెనక వరుసలో రెండు కిటికీలు ఎంత వాన వచ్చినా వేలెడు తెరిచి ఉండాలని రూలు పెట్టండి. జామైపోయిన కిటికీలను మంచి కాలంలోనే బాగు చేయించండి. చాలా బస్సుల్లో సగం అద్దాలు కదలవు, నూనె వేసే దిక్కు లేదు. మాస్కు, తెరిచిన కిటికీ, బస్సులో గట్టిగా మాట్లాడకపోవడం, ఫోన్లో అరవకపోవడం, ఈ నాలుగూ పాటిస్తే సగం సీట్ల రూలు ఎక్కువ రోజులు పెట్టాల్సిన పని ఉండదు. పల్లెవాళ్లు రోడ్డు మీద మిగిలిపోరు.

మా దవాఖానాకు లాక్‌డౌన్‌లో నర్సులను తీసుకొచ్చే బస్సు ఒకటి తిరిగేది. నైట్ డ్యూటీ దిగాక పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర ఆ బస్సు నిలబడి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో మాటల్లో చెప్పలేను. పీపీఈ విప్పి, చెమటతో తడిసిన బట్టలు మార్చుకుని, అలాగే సీట్లో తల వాల్చి నిద్రపోయేవాళ్లం. డ్రైవర్ అన్న ఒక్కొక్కరినీ ఊరి దగ్గర పేరు పెట్టి లేపేవాడు. ఆ బస్సు లేకపోతే మాలో సగం మంది డ్యూటీకి రాగలిగేవాళ్లం కాదు.

---

చెన్నూరు_బాబు జవాబు:

అవతలి ఒడ్డు నుంచి రాస్తున్నా. కండక్టర్ బాపు చెప్పిన బ్రిడ్జి పద్ధతి నూటికి నూరుపాళ్లు కుదురుతుంది. రాష్ట్రాల ఒప్పందం కోసం ఎదురుచూస్తే ఎంత లేటవుతుందో ఒక్కటే చెప్తా. తెలంగాణలో జిల్లా బస్సులు 2020 మే 19న మొదలయ్యాయి, ఆంధ్రాలో మే 21న. రెండూ తెలుగు రాష్ట్రాలే. కానీ ఒకదాని బస్సు ఇంకోదానిలోకి పోవడానికి నవంబర్ 2 దాకా పట్టింది. రోగం భయం ఒక్కటే కారణం కాదు, ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిప్పాలన్న లెక్క తెగలేదు. చివరికి తెలంగాణ 826 బస్సులు, ఆంధ్రా 638 బస్సులు, కిలోమీటర్లు ఇద్దరికీ దాదాపు సమానంగా లక్షా అరవై ఒక్క వేలని సంతకాలు చేశారు. ఆ ఐదు నెలలూ జనం చెక్‌పోస్టు దాకా ఒక బండి, నడిచి దాటి ఇంకో బండి. ప్రభుత్వం చేయాల్సిన ఏర్పాటును ఆటోవాళ్లు చేశారు, అడిగినంత తీసుకున్నారు.

ప్రాణహిత అన్నా, మీ కాగితంలో మిర్చి కూలీల గురించి తప్పక రాయండి. ఇది మీరు మర్చిపోతే ఇంకెవరూ రాయరు. ఏటా గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల నుంచీ, అటు ఛత్తీస్‌గఢ్ నుంచీ వేలమంది మిర్చి ఏరడానికి ఖమ్మం, ములుగు, భూపాలపల్లి వైపు వస్తారు. మార్చి, ఏప్రిల్ అంటే సరిగ్గా ఏరే కాలం. లాక్‌డౌన్ అనగానే తోటల్లో పని ఆగింది, బస్సు లేదు, రైలు లేదు. నెత్తిన మూట, చంకన పిల్ల, చేతిలో కూలి కింద ఇచ్చిన మిరపకాయల సంచి పట్టుకుని నడిచారు. నది తక్కువ నీళ్లున్న చోట చూసి దాటారు. పేరూరు వైపు తోటల నుంచి బీజాపూర్‌కు నడుచుకుంటూ పోయిన పన్నెండేళ్ల గిరిజన పిల్ల ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనగా చనిపోయింది. అది 2020 ఏప్రిల్.

వలస కూలీలను ఇళ్లకు చేర్చడానికి వేసిన శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే కదిలింది, సుమారు 1,200 మందితో జార్ఖండ్ హటియాకు. మంచిదే. తర్వాత మొత్తం అరవై లక్షల పైచిలుకు మందిని ఆ రైళ్లు చేర్చాయి. కానీ రైలు దూరం పోయేవాళ్లకు. నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఇల్లున్నవాళ్ల కోసం ఎవరూ రైలు వేయరు. వాళ్లకు కావాల్సింది బస్సు. అటువంటి వాళ్లే నడిచారు, దగ్గరే కదా అని.

నా సలహా: జనవరిలో కూలీలు వచ్చేటప్పుడే మేస్త్రీ దగ్గర పేర్లు, ఊళ్లు ఉంటాయి. ఆ లిస్టు ఒక కాపీ పంచాయతీలో పెట్టించండి. ఏదైనా బంద్ ప్రకటించాలంటే నలభై ఎనిమిది గంటలు ముందు తోటల దగ్గరికే బస్సులు పంపి ఎక్కించుకోవాలి. డిపోలో బస్సులు ఉన్నాయి, డ్రైవర్లు ఉన్నారు, డీజిల్ ఉంది. మీ కాగితంలో ఈ ఒక్క లైను ఉన్నా చాలు.

---

విరూర్_ప్యాసింజర్ జవాబు:

చిన్న మాట. బస్సుల గురించి అడిగారు, కానీ బల్లార్షా–కాజీపేట లైను మీద బతికేవాడిగా రైలు నేర్పిన పాఠం చెప్తాను. ఆపింది రాత్రికి రాత్రి, తిరిగి ఇవ్వడం ఏళ్ల మీద. రైళ్లు మొదలైనా "స్పెషల్" అన్న పేరుతో నడిచాయి, ఆ పేరు తీసేసింది 2021 నవంబర్‌లో. ప్యాసింజర్ బండికి పది రూపాయలున్న కనీస చార్జీ ఎక్స్‌ప్రెస్ లెక్కన ముప్పై అయింది, పాత చార్జీ మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. 2020 మార్చిలో ఆపిన వృద్ధుల రాయితీ ఆగిందంతే. కూరగాయల గంప పట్టుకుని రెండు స్టేషన్ల అవతల సంతకు పోయే ఆడవాళ్లు నాలుగేళ్లు మూడింతల టికెట్ కొన్నారు.

కాబట్టి ఆపే ప్రతి బస్సు పక్కన, మళ్లీ ఏ తేదీన చూస్తారో రాయించండి. తేదీ లేకుండా తాత్కాలికం అని రాస్తే ఒప్పుకోకండి.

---

ప్రాణహిత_ఒడ్డు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చేతులెత్తి దండం. చెన్నూరు బాబూ, మిర్చి కూలీల సంగతి నేను నిజంగా రాసేవాడినే, కానీ బంద్‌కు ముందే బస్సులు తోటల దగ్గరికి పంపాలన్న ఆలోచన నాకు తట్టలేదు. అది అలాగే పెడతాను.

కండక్టర్ బాపూ, రెండు సంగతులు అడగాలి. ఒకటి, డ్రైవర్లు, కండక్టర్లకు రోగం రాకుండా డిపోలో ఏం చేయాలి? వాళ్లే పడిపోతే లిస్టు ఉండి ఏం లాభం? రెండు, బస్సు ఏ రోజు ఉందో, ఏ రోజు లేదో మా లాంటి ఊళ్లకు తెలిసేదెలా? లాక్‌డౌన్‌లో మా ఊరి వాళ్లు రోడ్డు మీద చెట్టు కింద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్లు, వస్తుందో రాదో తెలియక.

---

రిటైర్డ్_కండక్టర్ జవాబు:

సిస్టర్ చెప్పినదాంట్ల నీ మొదటి ప్రశ్నకు జవాబు సగం ఉన్నది తమ్మీ. మాకు రోగం బండిల వచ్చిందానికన్న రెస్ట్ రూములల్ల ఎక్కువ వచ్చిందని నా నమ్మకం. బండిల కిటికీలు తెరిచి ఉంటయి, గాలి ఆడుతది. డ్యూటీ దిగినంక చిన్న రూముల పదిమంది పక్కపక్కన పండుకుంటరు, ఒక్కటే ఫ్యాను, తలుపు ఏసి, డబ్బాలు విప్పి కలిసి తింటరు. ముంబైల బెస్టు బండ్లు, అంటె సిటీ బస్సులు, సాలక ఎస్‌టీ బండ్లు, డ్రైవర్లు, కండక్టర్లు జిల్లాలకెల్లి పోయిన్రు. తిరిగి వచ్చినోళ్లల్ల చానమందికి పాజిటివ్ అని సాంగ్లీ దిక్కుకెల్లి పేపర్లల్ల వచ్చింది. గందుకే ప్లాన్‌ల రాయి: అంటురోగం ఉన్నన్ని దినాలు నైట్ హాల్ట్ సిబ్బంది పండుకునేది స్కూలు వరండాల, సమాజ్ మందిర్‌ల (ఊరి కమ్యూనిటీ హాలుల). స్కూళ్లు అప్పుడు ఖాళీనే కద. ఒక డ్రైవర్‌కు ఒక కండక్టర్, జంట మార్చొద్దు. ఒకరికి వస్తె ఆ ఇద్దరే ఇంట్ల ఉంటరు, డిపో ఆగది. దూరం డ్యూటీకి పోయి వచ్చినోళ్లను ఇంటికి తోలే ముందు పరీక్ష చేసి, ఐదు దినాలు జీతంతోని రెస్ట్ ఇయ్యాలె.

జీతం మాట వచ్చింది కాబట్టి చెప్త, గిది చిన్న ముచ్చట కాదు. బండ్లు తిరగకపోతె కార్పొరేషన్‌కు పైస రాదు. ఆ రోజు టికెట్ పైసలతోనే ఆ రోజు డీజిల్, నెల జీతం నడిచే సంస్థ మాది. 2020 నవంబర్‌ల రాష్ట్ర సర్కారు జీతాలకు వెయ్యి కోట్లు ఇస్తమనేదాక సిబ్బంది ఇండ్లల్ల ఎట్ల గడిచిందో మాకే ఎరుక. చేతిల స్టీరింగు పట్టేటోడు కూలికి పోయిండు, కూరగాయలు అమ్మిండు. రోగుల కోసం నడిచే బండికి టికెట్ పైసలు లెక్క పెట్టొద్దు. ఆ బండి ఖర్చు జిల్లా ఆపద నిధికెల్లి డిపోకు పోవాలె, అది గుడ మీ మీటింగులనే తేలాలె. డ్యూటీల చచ్చిపోతె 50 లక్షల బీమా అని అప్పుడు ప్రకటించిన్రు. గసువంటి దానికి షరతులు ఏంటియో, ఏ కాగితం పెట్టాలెనో ముందే గోడకు అంటిచ్చాలె. ఇంటోడు పోయిన ఆడమనిషి ఆఫీసుల చుట్టు తిరగొద్దు.

ఇగ చెట్టు కింద కూసుండే ముచ్చట. వాట్సాప్ గ్రూపు అంటరు మీ పిల్లలు, మంచిదే గాని సిగ్నల్ లేని ఊళ్లకు అది పోదు. మన దిక్కు ఊరికి కబురు చెప్పే కోత్వాల్ ఉన్నడు, ఊళ్ల సర్కారు తరపున ఉండే పోలీస్ పాటిల్ ఉన్నడు, దండోరా ఉన్నది. డిపోకెల్లి ఆదివారం సాయంత్రం ఒక్క ఫోన్ పోలీస్ పాటిల్‌కు: ఈ వారం బండి ఏ దినాలు, ఎన్ని గంటలకు. ఆయన పంచాయతీ గోడ మీద సుద్దతోని రాయాలె, తెలుగుల, మరాఠీల. గోండి ఊళ్లల్ల దండోరా గోండిల చెప్పాలె. బండి రద్దయితె అదే గోడ మీద రద్దని రాయాలె. ఒక్కసారి మాట తప్పినమంటె తర్వాత జనం నమ్మరు. దినాం బండి ఏస్తమని చెప్పి ఎగ్గొట్టుడుకన్న, వారానికి రెండే అని చెప్పి ఆ రెండు దినాలు తప్పకుంట నడిపియ్యాలె. డయాలిసిస్ వారానికి రెండుసార్లే అంటివి కద, ఆ రెండు దినాలతోనే మొదలు పెట్టు. మీ చిన్నాయన అసువంటోళ్లను దవాఖానల ఏ టైముకు కూసోబెడ్తరో అడిగి రాయి. పొద్దున ఎనిమిదింటికి మిషన్ మీద కూసోవాలంటె, బ్రిడ్జి కాడికి మన బండి ఆరుకన్న ముందు రావాలె. అంటె అసరల్లి దిక్కుకెల్లి నాలుగున్నరకే కదలాలె. డ్రైవర్ ముందు రాత్రి ఆ ఊళ్లనే ఉండాలె, అంటె నైట్ హాల్ట్ బండి కావాలె.

విరూరాయన చెప్పిన తేదీ మాట ఆ నైట్ హాల్ట్ బండ్లకే మొదలు రాయి. ఆపినంక కష్టంగ తిరిగి వచ్చేటియి అయ్యే, ఎందుకంటె డ్రైవర్‌కు ఊళ్ల పండుకునుడు ఇష్టముండది, ఆదాయం తక్కువ.

నీ కాగితం రాసినంక మీటింగుకు ముందే ఇక్కడ పెట్టు. టైమింగులు నేను చూస్త. చెన్నూరు తమ్మీ, నువ్వు అటు దిక్కు డిపోల తెలిసినోళ్లుంటె అర్జునగుట్ట కాడికి పొద్దున ఆరింటికి బండి ఏసుడు కుదురుతదా అడుగు.

---

చెన్నూరు_బాబు:

అడుగుతాను బాపూ. మా మేనమామ డ్రైవరే, సోమవారం డ్యూటీ దిగాక కలుస్తా.